క్యాష్‌బ్యాక్ ముచ్చట: బోర్డు మీద ఆరు వేలు, చేతికొచ్చేది ఎంత?

దసరా దగ్గరికొస్తె చాలు, మా దిక్కు బస్టాండ్ ముంగట ఉన్న సెల్‌ఫోన్ దుకాన్లన్ని పెండ్లి పందిళ్ల లెక్క తయారైతయి. ఫ్లెక్సీల మీద ఒకటే మాట: క్యాష్‌బ్యాక్. ఒకడు రెండు వేలంటడు, ఇంకొకడు ఐదు వేలంటడు, మూడోడు రూపాయి కట్టకుండ ఫోన్ పట్కపొమ్మంటడు. ఆ అంకెలు ఆమడ దూరం నుంచి కనిపిస్తయి. అంకె పక్కన ఒక చుక్క పెట్టి, కింద మూలకు ‘షరతులు వర్తిస్తాయి’ అని రాసిన అక్షరాలు మాత్రం చీమ తలకాయంత ఉంటయి. మన పైసలు పొయ్యేది ఆ చీమ తలకాయంత అక్షరాలల్లనే.

ఊరికి పోయినప్పుడల్లా నన్ను ఎవరో ఒకరు అడుగుతరు. "అన్నా, ఫోన్ తీస్కుందామనుకుంటున్న, ఏ ఆఫర్ మంచిగున్నది?" నేను కంపెనీ పేరు చెప్పను. ఫోన్ ధర, కిస్తుల మీద మిత్తి, రీచార్జ్‌లు అన్ని కలిపి రెండేండ్లల్ల నీ జేబుల నుంచి ఎంత పోతదో కట్టినవా అని అడుగుత. ఒక్కరు గూడ కట్టి ఉండరు. తప్పు వాళ్లది కాదు. దుకాన్ల మొత్తం లెక్క చెప్పరు, నెలకెంత అన్నదే చెప్తరు. నెలకు పన్నెండు వందలే అనంగనే తేలిగ్గ అనిపిస్తది. ఇంట్ల నాలుగు సిమ్ములు ఉండి ఒక్కోదానికి 299 వేస్తె పన్నెండు వందలాయె. పన్నెండు వందల కిస్తులు రెండుంటె ఇంకో ఇరవై నాలుగు వందలు. మొత్తం మూడు వేల ఆరు వందలు. కూలికి పొయ్యే అవ్వకు అది ఎన్ని దినాల కష్టమో మీరే చూస్కోర్రి. పోనీ ఫోన్ ఇడిసిపెడదామంటె కుదురదు. రేషన్ కార్డు ఈకేవైసీ నుంచి బ్యాంకు ఓటీపీ దాక అన్ని ఆ నంబర్ మీదనే నడుస్తున్నయి.

బయటి దేశాలల్ల ఫోన్, సిమ్ము ఒకే కాయితం మీద ఇస్తరు. రెండేండ్లు మా దగ్గర్నే ఉండాలె, నెలనెలా ఇంత కట్టాలె అని రాస్కుంటరు. మన దగ్గర ఫోన్ ఒక దిక్కు, రీచార్జ్ ఇంకో దిక్కు. అందుకని మనకు గసొంటి కాంట్రాక్టులు లేవనుకుంటం. ఉన్నయి. నాకు ఎరుకున్నకాడికి పేరు మార్చుకొని పెద్దగ మూడుసార్లు వచ్చినయి.

2003 వానకాలంల రిలయన్స్ ‘మాన్‌సూన్ హంగామా’ అని పెట్టింది. 501 రూపాయలు కడితె ఫోన్ చేతికి, మిగిలింది నెలనెలా. అప్పటిదాక సెల్‌ఫోన్ అంటె సేట్ల జేబుల ఉండే వస్తువు. ఒక్కసారిగ ఆటో నడిపేటోళ్ల దగ్గర, కిరాణం దుకాన్ల కనిపించింది. ఆ మేలును కాదనలేం. గని చానమంది మధ్యల కట్టుడు ఆపేసిండ్రు, బాకీల వసూలు కంపెనీకి తలనొప్పి అయ్యింది. 501 అన్న అంకె అందరికి యాదికున్నది, దాని ఎనకాల ఉన్న నెలనెలా బిల్లు యాదికి లేకపాయె.

2017ల జియోఫోన్ వచ్చింది. 1,500 డిపాజిట్, మూడేండ్లకు ఫోన్ వాపస్ ఇస్తె ఆ పైసలు వాపస్. ఫోన్ ఉత్తగనే అన్నట్టు లెక్క. షరతు ఏందంటె ఏడాదికి కనీసం 1,500 రూపాయల రీచార్జ్ చెయ్యాలె. అంటె మూడేండ్లకు 4,500. నెలకు 125 పడతది. నిజం చెప్పాలంటె అది చెడ్డ బేరం కాదు, ఆ రోజులల్ల అంత అగ్గువకు ఇంటర్నెట్ ఉన్న ఫోన్ ఇంకోటి లేకుండె. గని డిపాజిట్ వాపస్ రావాలంటె ఆ ఫోన్‌ను మూడేండ్లు కాపాడుకోవాలె, రీచార్జ్ లెక్క తప్పొద్దు, గడువు యాది పెట్టుకోవాలె. చిన్న పిల్లలు, పొలం పని, వాన ఉన్న ఇంట్ల మూడేండ్ల దాక ఫోన్‌ను సక్కగ ఉంచుడు ఎంత కష్టమో మనకు ఎరుకనే.

మూడోది 2021 అక్టోబర్‌ల ఎయిర్‌టెల్ పెట్టిన ‘మేరా పెహ్లా స్మార్ట్‌ఫోన్’. నా దృష్టిల క్యాష్‌బ్యాక్ ఎట్ల పని చేస్తదో సమజ్ చేస్కునేందుకు దీనికి మించిన పాఠం లేదు. జర నిమ్మళంగ చూద్దాం.

పన్నెండు వేల లోపు ఫోన్ కొంటె 6,000 క్యాష్‌బ్యాక్ అన్నరు. షరతు: 249 రూపాయలది గాని, దాని కంటె పెద్దది గాని ప్యాక్‌ను 36 నెలలు తెగకుండ వేస్కోవాలె. పద్దెనిమిది నెలలకు 2,000 వస్తది, మిగిలిన 4,000 ముప్పై ఆరు నెలలు నిండినంక వస్తది. మూడేండ్లు అంటె 1,095 దినాలు. ప్యాక్ 28 దినాలది. అంటె 39 రీచార్జ్‌లు. 39 ఇంటూ 249, మొత్తం 9,711 రూపాయలు.

ఇప్పుడు ఇద్దరు మనుషులను పక్కపక్కన పెట్టి చూడుర్రి. ఒకడు ఆఫర్ ఉన్నా లేకున్నా 249 ప్యాకే వేస్తడు, కంపెనీ మారే ఆలోచన లేదు. వానికి ఆరు వేలు ఉత్తగనే వచ్చినట్టు, అది నిజంగ మంచి ఆఫర్. రెండో ఆయినకు ఫోన్ మాట్లాడేందుకు, అప్పుడప్పుడు వాట్సాప్ చూసేందుకే. అప్పటికి 149 ప్యాక్ ఉండె, ఆయినకు అది సరిపోతది. ఆఫర్ కోసమని 249కి ఎక్కితె ఒక్కో రీచార్జ్‌కు వంద ఎక్కువ, 39 సార్లు అంటె 3,900. ఆరు వేల క్యాష్‌బ్యాక్‌ల నుంచి అది తీసేస్తె మిగిలేది 2,100. అది గూడ మూడేండ్లకు. మధ్యల ఒక్కసారి గడువు దాటినా, సిగ్నల్ మంచిగ లేదని వేరే కంపెనీకి మారినా, ఆ 2,100 గూడ అనుమానమే.

ఇంకో ముచ్చట ఉన్నది, ఇది అన్నిటికంటె పెద్దది. ఆఫర్ చెప్పింది అక్టోబర్‌ల. నవంబర్ 26 నుంచి ఎయిర్‌టెల్ రేట్లు పెంచింది. 249 ప్యాక్ 299 అయ్యింది, 149ది 179 అయ్యింది. ఒక్క ఎయిర్‌టెలే కాదు, ఆ దినాలల్లనే మిగిలిన రెండు ప్రైవేటు కంపెనీలు గూడ పెంచినయి. మళ్ల 2024 జులైల మూడు కంపెనీలు ఒకరి ఎనక ఒకరు పెంచితె ఆ 299 కాస్త 349 అయ్యింది. 36 నెలలు కట్టాలె అని మనల్ని కట్టేసిండ్రు గని, 36 నెలలు ఇదే రేటు ఉంటదని వాళ్లు ఎక్కడ గూడ రాసియ్యలే. వాపస్ ఇచ్చే ఆరు వేలు మాత్రం ఆరు వేలే, అది పెరగదు. రేట్లు పెంచుడు చట్టానికి వ్యతిరేకం ఏం కాదు, మన దేశంల మొబైల్ రేట్లు కంపెనీలే పెట్టుకుంటయి. గందుకే మనం చూడవలసింది క్యాష్‌బ్యాక్ ఎంత అని కాదు, ఈ కాయితంల ఏది మారదు, ఏది మారొచ్చు అని.

ఏ పైస ఎటు వస్తది

క్యాష్‌బ్యాక్ అన్న ఒక్క మాట కింద కనీసం మూడు రకాల వస్తువులు అమ్ముతున్నరు.

మొదటిది అక్కడిక్కడ తగ్గించేది. పదిహేను వేల ఫోన్‌కు బిల్లు పదమూడున్నర అని కొడతరు, నువ్వు పదమూడున్నరే కడతవు. దీంట్ల మాయ తక్కువ. పండుగలప్పుడు ఫలానా బ్యాంకు కార్డు మీద పది శాతం అనేది ఈ రకంది. దీనికి గూడ ఒక హద్దు ఉంటది, పది శాతం అంటరు గని గరిష్టంగ ఇంత అని చిన్న అక్షరాలల్ల రాస్తరు.

రెండోది తర్వాత బ్యాంకు ఖాతాలకు వేస్తమనేది. అరవై దినాలకో, తొంభై దినాలకో, కిస్తులన్ని తీరినంకనో. అప్పటిదాక నువ్వు యాది పెట్టుకోవాలె. కార్డు మార్చొద్దు, కిస్తు తప్పొద్దు. మా చిన్నాయిన కొడుక్కు గిట్లనే అయ్యింది. తొమ్మిది కిస్తులు సక్కగ కడితె పదిహేను వందలు వాపస్ అని చెప్పి ఒక ఫైనాన్స్ కంపెనీ ఫోన్ ఇప్పించింది. ఐదో నెల వాని జీతం రెండు దినాలు ఆలస్యమైంది. కిస్తు తీసుకునే దినం ఖాతాల పైసలు లేవు. కంపెనీ ఒక బౌన్స్ చార్జీ వేసింది, బ్యాంకు ఇంకోటి వేసింది. రెండు దినాలకు వాడే కట్టేసిండు, మిగిలిన కిస్తులన్ని టైముకే కట్టిండు. పదిహేను వందలు మాత్రం రాలే. ఎందుకంటె ‘ఒక్కటి గూడ బౌన్స్ కాకుండ’ అన్న ముక్క కాయితంల ఉన్నది. వానికి నోటితోటి చెప్పిన దాంట్ల లేదు.

మూడోది కూపన్లు, పాయింట్లు, వాలెట్ బ్యాలెన్సు. దీన్ని నేను క్యాష్‌బ్యాక్ అననే అనను, దాంట్ల క్యాష్ ఉంటె కద. 2017 నవంబర్‌ల జియో ఒక ఆఫర్ పెట్టింది. 399 గాని అంతకంటె ఎక్కువ గాని రీచార్జ్ చేస్తె 2,599 దాక క్యాష్‌బ్యాక్ అని. చూసేటోళ్లకు కండ్లు తిరగాలె! విప్పి చూస్తె ఏమున్నది? 400 రూపాయలు యాభై రూపాయల ఓచర్లు ఎనిమిది. అంటె ముందుముందు చేసే ఎనిమిది రీచార్జ్‌లల్ల యాభై యాభై తగ్గుతది. 300 దాక వేరేవేరే వాలెట్లల్ల వచ్చేది. మిగిలిన 1,899 అంతా కొనుగోలు కూపన్లు. దాంట్ల వెయ్యి రూపాయలు పోను రాను విమానం టికెట్ తీస్కుంటె తగ్గేటియి, 500 రెండు వేల దాక బట్టలు కొంటె తగ్గేటియి, 399 పదిహేను వందలు పెట్టి ఆన్‌లైన్ల బట్టలు కొంటె తగ్గేటియి. నాలుగు వందల రీచార్జ్ చేసేటాయిన విమానం ఎప్పుడెక్కాలె? వాళ్లు అబద్ధం చెప్పిండ్రని అంటలేను, అన్ని వివరాలు రాసే ఉన్నయి. గని ఆ 2,599ల మనకు పక్కాగ పనికొచ్చేది ఆ నాలుగు వందలే, అది గూడ అన్ని రోజులు ఆ కంపెనీ దగ్గర్నే ఉంటె.

నా లెక్క సాదాసీదా లెక్క. అక్కడిక్కడ తగ్గిన పైసను మొత్తం లెక్కల పట్టుకుంట. ఖాతాలకు తర్వాత వచ్చేదాన్ని సగమే పట్టుకుంట. కూపన్లను సున్నా కింద రాస్త. వచ్చినయంటె సంబురమే.

‘నో కాస్ట్’ అనే ఖర్చు

ఇగ ఫోన్ కిస్తుల కాడికొద్దాం. నో కాస్ట్ ఈఎమ్ఐ అంటె మిత్తి లేని అప్పు అని జనం అనుకుంటరు. మిత్తి లేని అప్పు మనకు మన అత్తగారింటోళ్లే ఇయ్యరు, బ్యాంకోడు ఎట్లిస్తడు? ఈ మాట నేను అనుడు కాదు, సున్నా శాతం మిత్తి అన్నదే లేదని 2013 సెప్టెంబర్ల రిజర్వ్ బ్యాంకే బ్యాంకులకు సర్క్యులర్ పంపింది. అటెన్క సున్నా శాతం అన్న మాట తగ్గింది, నో కాస్ట్ అన్న మాట వచ్చింది.

అది నడిచే తీరు గిట్ల ఉంటది. పదిహేను వేల ఫోన్, ఆరు నెలల కిస్తులు, నెలకు 2,500. కట్టేది పదిహేను వేలే కాబట్టి మిత్తి లేనట్టే కనిపిస్తది. లోపల ఏం జరుగుతదంటె, దుకానోడో కంపెనోడో బిల్లుల కొంత తగ్గిస్తడు, బ్యాంకు అంతే మిత్తి వేస్తది. ఏడాదికి 16 శాతం మిత్తి అనుకుంటె ఆ ఆరు నెలలకు మిత్తి దాదాపు 676 రూపాయలు పడతది. ఆ 676 మనకు తగ్గించిండ్రు సరే, ఆ మిత్తి మీద 18 శాతం జీఎస్టీ మాత్రం మనమే కట్టాలె, అది 122. ప్రాసెసింగ్ ఫీజు 199 అనుకుంటె దాని మీద గూడ జీఎస్టీ, మొత్తం 235. అంటె ‘ఖర్చు లేని’ దానికి 357 రూపాయల ఖర్చు. ఇది కార్డు మీద కిస్తులు పెట్టుకుంటె వచ్చే లెక్క. ఇంతవరకు ఐతె నేను పెద్దగ లొల్లి చెయ్య, ఆరు నెలలు ఆగి కట్టే వెసులుబాటుకు 357 ఇచ్చినం అనుకోవచ్చు.

అసలు నష్టం వేరే ఉన్నది. నగదు పెట్టి కొనేటోనికి అదే ఫోన్ ఎంతకు ఇస్తరో అడుగుర్రి. చానసార్లు వెయ్యో, పదిహేను వందలో తగ్గించి ఇస్తరు. కిస్తులల్ల తీస్కుంటె ఆ తగ్గింపు ఉండదు. అది గూడ మిత్తి కిందనే లెక్క. గందుకే దుకాన్లకు పోంగనే కిస్తుల మాట ఎత్తొద్దు. ముందుగాల "పైసలిచ్చి కొంటె ఆఖరి రేటు ఎంత" అని అడుగుర్రి, ఆ అంకె చీటీ మీద రాయించుకోర్రి. అటెన్క కిస్తుల మాట తియ్యుర్రి. రెండిటికి మధ్యల ఉన్న తేడానే మీరు కట్టే నిజమైన మిత్తి.

కిస్తుల కాయితం మీద సంతకం పెట్టే ముందు ఇంకో పని. ఫోన్‌కు ఇన్సూరెన్స్, రెండో ఏడాది వారంటీ, కార్డు ఫీజు అని అడగకుండనే కలుపుతుంటరు. నెలకు తొంభై రూపాయలే కద అంటరు. ఏడాదికి వెయ్యి దాటుతది. ఆన్‌లైన్ల గిట్ల అడగకుండ బుట్టల సామాన్ కలిపే మోసానికి, ఆఖరికి ఒక్కొక్క చార్జీ బయటపెట్టే మోసానికి 2023 నవంబర్ల కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ ‘డార్క్ ప్యాటర్న్స్’ అని పేరు పెట్టి నిషేధించింది. గసొంటియి మొత్తం పదమూడు రకాలు లెక్కగట్టింది. దుకాన్లనైనా సరే, నేను అడగని దాన్ని బిల్లుల నుంచి తియ్యమని చెప్పే హక్కు మనకున్నది. మొహమాటపడకుర్రి. కిస్తు తప్పితె సిబిల్ స్కోర్ పడిపోతది, రేపు ట్రాక్టర్ లోన్‌కో, పిల్లల సదువు లోన్‌కో పోయిననాడు పన్నెండు వేల ఫోన్ అడ్డం పడతది.

నెలకు ఇరవై ఎనిమిది దినాలేనా?

ఫోన్ ఒక్కసారి కొంటం, రీచార్జ్ ఆగేది లేదు. అసలు పైసలు మిగిలేది ఈడనే, గని దీని మీద ఎవరు ఫ్లెక్సీ కట్టరు.

28 దినాల ప్యాక్‌ను నెల ప్యాక్ అని మనం అలవాటుపడ్డం. ఏడాదికి పన్నెండు నెలలు, రీచార్జ్‌లు మాత్రం పదమూడు. ఆ పదమూడో నెల మనకు క్యాలెండర్ల దొరకదు. జనం గోల చేస్తె 2022 జనవరిల ట్రాయ్ ఆర్డర్ ఇచ్చింది, ప్రతి కంపెనీ కనీసం ఒక్కో రకం ప్యాక్ అన్న 30 దినాలది, నెలనెలా అదే తారీఖుకు వచ్చేది పెట్టాలని. పెట్టిండ్రు. ఏ దుకాన్ల ఐనా మీకు అది చూపించిండ్రా?

2024 డిసెంబర్ల ట్రాయ్ ఇంకో మంచి పని చేసింది. ఇంటర్నెట్ వద్దనేటోళ్లకు కాల్స్, మెసేజీలే ఉన్న ప్యాక్ వేరేగ ఇయ్యాలె అన్నది, స్పెషల్ వోచర్ గడువును 90 దినాల నుంచి 365 దాక పెంచుకోనిచ్చింది. 2025 జనవరిల కంపెనీలు ఆ ప్యాక్‌లు తెచ్చినయి. ఎయిర్‌టెల్ 84 దినాలకు 469, ఏడాదికి 1,849 పెట్టింది. జియో 84 దినాలకు 448, 336 దినాలకు 1,748 పెట్టింది. రేట్లు మారుతుంటయి, మీరు చదివే దినం ఎంతున్నదో చూస్కోర్రి. లెక్క కట్టే తీరు మాత్రం ఒకటే: ధరను దినాలతోటి భాగించుర్రి. ఎయిర్‌టెల్ల 28 దినాల 199 ప్యాక్ దినానికి 7 రూపాయల 11 పైసలు. ఏడాది 1,849 ప్యాక్ దినానికి 5 రూపాయల 7 పైసలు. బటన్ల ఫోన్ వాడే అవ్వకు ఏడాదంతా 199 వేస్తె పదమూడు సార్లకు 2,587. తేడా 738 రూపాయలు. ఏ క్యాష్‌బ్యాక్ యాప్ గూడ ఒక ముసలామెకు ఏడాదికి ఏడు వందలు ఇయ్యదు. పైగ యాప్‌లల్ల రీచార్జ్ చేస్తె రూపాయో, రెండో ఫీజు వాళ్లే గుంజుకుంటున్నరు. కంపెనీ సొంత యాప్‌లనో, ఊర్లె దుకాన్లనో చేస్తె చానవరకు అది తప్పుతది.

ఒక్కసారే పద్దెనిమిది వందలు ఎక్కడ తేవాలె అని అడగొచ్చు. నిజమే. పేదోనికి అగ్గువ ప్యాక్ దొరకకపోవుడుకు కారణమే అది. చేతిల రెండు వందలున్నోడు రెండు వందలదే వేస్కుంటడు, దినానికి ఎక్కువ కడతడు. బియ్యం కిలో లెక్కన కొనేటోడు బస్తా కొనేటోని కంటె ఎక్కువ కట్టినట్టు. అందుకే పండుగకు కొడుకో, బిడ్డో ఏమన్న తేవాలనుకుంటె చీరెతోపాటు అవ్వ ఫోన్‌కు ఏడాది రీచార్జ్ చేయించుర్రి అని నేను చెప్తుంట.

ఇంటర్నెట్ బాగ వాడేటోళ్ల సంగతి వేరే. 2024 జులై రేట్లల్ల జియోది దినానికి ఒకటిన్నర జీబీ ప్యాక్ 28 దినాలకు 299, 84 దినాలకు 799. దినం లెక్కన 10 రూపాయల 68 పైసలు, 9 రూపాయల 51 పైసలు. ఏడాదికి నాలుగు వందల దాక తేడా. 5జీ ఉత్తగనే అని చూసి చిన్న ప్యాక్ వేస్కుంటె మోసపోతరు. ఆ పెంపు తర్వాత దినానికి రెండు జీబీ, అంతకంటె పెద్ద ప్యాక్‌లకే హద్దులేని 5జీ అన్నరు. పోస్ట్‌పెయిడ్ తీస్కునేటోళ్లు ఒకటి యాది పెట్టుకోవాలె: ప్రీపెయిడ్ రేటుల జీఎస్టీ కలిసే ఉంటది, పోస్ట్‌పెయిడ్ బోర్డు మీది రేటుల ఉండదు. బోర్డు 449 అంటె బిల్లు 530 వస్తది.

కంపెనీ మారుడు మన చేతిల ఉన్న ఒక్కటే బలం. పోర్ట్ అని కొట్టి, నడుమ సందిచ్చి, మన నంబర్ రాసి 1900కు మెసేజ్ పంపితె కోడ్ వస్తది. నంబర్ అదే ఉంటది. ఇప్పుడున్న కంపెనీల కనీసం 90 దినాలు ఉండి ఉండాలె, పోస్ట్‌పెయిడ్ బాకీ ఉండొద్దు. పాత ప్యాక్ మిగిలుంటె అది పోతది, అందుకని గడువు అయిపొయ్యే ముందు మారాలె. రోడ్డు మీద గొడుగు పెట్టుకొని కూసున్నోడు మారితె నెల రీచార్జ్ ఫ్రీ అంటడు. తీస్కోర్రి, తప్పు లేదు. గని వేలిముద్ర సక్కగ పడలేదని రెండోసారి పెట్టమంటె హుషారుండాలె, ఆ రెండో ముద్ర మీద మీ పేరున ఇంకో సిమ్ము తీస్కొని అమ్ముకున్న కేసులు ఉన్నయి. మన పేరు మీద ఎన్ని సిమ్ములున్నయో సంచార్ సాథీ పోర్టల్ల చూస్కోవచ్చు, మనది కాని దాన్ని ఆడనే బంద్ చేయించొచ్చు.

లండన్ల, డల్లాస్‌ల మన పిల్లల ముచ్చట

ఇండ్లు కుదువ పెట్టి పిల్లల్ని సదువుకు పంపిన తల్లిదండ్రులు మన ఊర్లల్ల గూడ ఉన్నరు గనక ఇది రెండు ముక్కల్ల చెప్త. ఇంగ్లండ్‌ల ఫోన్ కాంట్రాక్ట్ మామూలుగ 24 నెలలది. ఆడ కొన్ని దుకాన్లు ‘రిడెంప్షన్ క్యాష్‌బ్యాక్’ అని ఇస్తయి. అంటె ఫలానా నెల, ఫలానా నెల బిల్లులు చెప్పిన గడువులోపల పంపితెనే పైసలు వాపస్. ఒక్క గడువు తప్పితె ఆ వాయిదా పాయె. దుకానే మూతపడితె క్యాష్‌బ్యాక్ గూడ పోతది, ఫోన్ కంపెనీకి కట్టే కిస్తు మాత్రం ఆగదు. 2000 దశకంల గిట్ల చానమంది మునిగినంకనే ఆడ నియమాలు గట్టిగ చేసిండ్రు. మన దిక్కు లేని మంచి నియమం ఒకటి ఆడ వచ్చింది. 2025 జనవరి 17 నుంచి కొత్త కాంట్రాక్టులల్ల మధ్యల రేటు పెంచేది ఉంటె ఎప్పుడు, ఎన్ని పౌండ్లు పెంచుతరో ముందుగాలనే అంకెలల్ల రాసియ్యాలని ఆఫ్‌కామ్ చెప్పింది. ఎయిర్‌టెల్ ఆఫర్ కాడ నేను అడిగింది ఇదే కద. గసొంటిది మన ట్రాయ్ గూడ పెడితె, కనీసం క్యాష్‌బ్యాక్ పేరు మీద 36 నెలలు కట్టేసే ఆఫర్లకన్న పెడితె, జనానికి సగం పరేషాన్ తప్పుతది.

అమెరికాల ‘ఫ్రీ ఫోన్’ అంటె ఫోన్ ధరను 24 లేకుంటె 36 నెలల కిస్తులు చేసి, ప్రతి నెల అంతే బిల్లుల తగ్గించుడు. మాస్టర్స్ రెండేండ్లల్ల ఐపోయి ఇంటికి రావలసొస్తె? తగ్గింపు ఆగిపోతది, మిగిలిన ధర ఒక్కసారి కట్టాలె. కొత్తగ పొయ్యే పిల్లలు ఫోన్ ఈడ్నుంచి తీస్కపోయి ఆడ ప్రీపెయిడ్ సిమ్ము వేస్కుంటె ముందుగాల ఒక ఏడాది నిమ్మళంగ ఉంటది.

ఇగ ఇస్తమన్నది ఇయ్యకపోతె ఏం చెయ్యాలె? ఆఫర్ చూసిన దినమే దాని ఫోటో తీసి పెట్టుకోర్రి, చుక్క కింద రాసిన షరతుల తోటి సహా. రెన్నెళ్లకు ఆ పేజీ ఉండదు. బిల్లు, కిస్తుల కాయితం, దుకానోడు రాసిచ్చిన చీటీ ఒక్క కవర్ల వెయ్యుర్రి. క్యాష్‌బ్యాక్ రావలసిన తారీఖు ఫోన్ల అలారం పెట్టుకోర్రి. రాకపోతె సిమ్ము కంపెనీకి ముందుగాల కంప్లయింట్ ఇచ్చి నంబర్ తీస్కోవాలె, తేలకపోతె అదే కంపెనీల అప్పీల్ అథారిటీ ఉంటది, దానికి ఫీజు లేదు. ఫైనాన్స్ కంపెనీ, బ్యాంకు సంగతైతె వాళ్లకు రాతపూర్వకంగ ఇచ్చి ముప్పై దినాలు చూసి, రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు ఆన్‌లైన్ల పెట్టాలె. దుకాన్ మీద, ఆన్‌లైన్ కంపెనీ మీద ఐతె 1915కు ఫోన్ చెయ్యుర్రి, అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్, తెలుగుల గూడ మాట్లాడతరు. ఆడ గూడ తేలకపోతె జిల్లా వినియోగదారుల కమిషన్ ఉన్నది. ఐదు లక్షల లోపు కేసుకు ఫీజు లేదు, వకీలు లేకుండ మీరే నిలబడి చెప్పుకోవచ్చు. రెండేండ్ల లోపల మాత్రం వెయ్యాలె.